రోళ్లు పగిలాయి సరే, ఆ తర్వాత?

నిన్న రాజమండ్రి దగ్గర బంధువుల ఇంట ఒడుగు భోజనాలకు వెళ్లాను. షామియానా కింద తిరుగుతున్న నాలుగు ఫ్యాన్లు వడగాలినే తిప్పి తిప్పి మా మీదికి తోస్తున్నాయి. విస్తట్లో పెరుగు దాకా వచ్చేసరికి అది పులిసి నీళ్లు విడిచింది. "ఏటికేడాది ఎండలు ముదిరిపోతున్నాయి, ఇదంతా మనం చేసుకున్నదే" అని నేను అన్నానో లేదో, ఎదురు వరసలో కూర్చున్న మా పెదనాన్న వరసాయన ఎంగిలి చేతితోనే ఉపన్యాసం అందుకున్నారు. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఏనాడో చెప్పలేదట్రా? అప్పుడు కార్లున్నాయా, కరెంటుందా? ప్రకృతి అన్నాక దానంతట అదే మారుతుంది." పంక్తి మొత్తం తలలూపింది. ఆయన మాటల కన్నా ఆ తలలూపుడుకే నాకు ఒళ్లు మండింది.

ఆ సామెత ఏడాదిలో ఎండ ఎప్పుడు మండుతుందో చెబుతుందే తప్ప, నూరేళ్లలో ఎంత పెరిగిందో చెప్పదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని కూడా అదే పెద్దలు చెప్పారు. సంక్రాంతి దాటగానే ఫ్యాను స్విచ్చి వెతుక్కునే మనవాళ్లు ఆ సామెతను మాత్రం ఎందుకో ఎత్తరు.

ప్రకృతి మారదని ఎవరన్నారు? రాజమండ్రి పక్కనే కాటేరులో, గోదావరికి ఆవలి ఒడ్డున పంగిడిలో క్వారీలవాళ్లు కొట్టే నల్లరాయి, దక్కన్ పీఠభూమిని కప్పిన లావా కాలానిదే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. కానీ ఆ లావా పొంగడానికి లక్షల ఏళ్లు పట్టింది. మంచు యుగాలను తెచ్చి తీసుకుపోయే భూమి కక్ష్యలోనూ ఇరుసులోనూ వచ్చే మార్పులకూ దాదాపు 26,000, 41,000, లక్ష ఏళ్ల ఆవృత్తులున్నాయి. మన గొడవ అంతా నూటయాభై ఏళ్లది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా ఉన్న, వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగలను పరీక్షిస్తే, గత 8 లక్షల ఏళ్లలో పారిశ్రామిక యుగం దాకా అది ఒక్కసారి కూడా 300ను మించలేదని తేలింది.

సూర్యుడిదే తప్పంటారా? 1980ల నుంచి సూర్యుడి నుంచి వచ్చే శక్తి పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణం కింది నుంచి పైదాకా వేడెక్కాలి. మరి కింది పొర వేడెక్కుతూ ఉంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ ఎందుకు చల్లబడుతోందో, పాపం, పులిహోర మారు వడ్డించుకుంటున్న ఏ మేధావీ చెప్పలేదు. అగ్నిపర్వతాలంటారా? అవన్నీ కలిసి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలేదానిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. 1991లో పేలిన పినటూబో అయితే భూగోళాన్ని దాదాపు అర డిగ్రీ చల్లబరిచింది కూడా. పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కే ఎల్‌నినో వచ్చిన ఏడు ఎండ మరింత పెరుగుతుందన్నది నిజమే, 2015లో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకు జనం పిట్టల్లా రాలిపోయిన ఏడు కూడా అలాంటిదే. అయితే ఎల్‌నినో వచ్చి పోయేదే గాని, మెట్టు మెట్టుగా పైకి పోతున్న సగటుకు అది కారణం కాదు. బొగ్గు కాల్చితే భూమి వేడెక్కుతుందని స్వీడన్‌లో అర్హీనియస్ అనే శాస్త్రవేత్త 1896లోనే లెక్క కట్టాడు, అంటే మా పెదనాన్నగారి తాతగారు ఎడ్లబండిలో తిరుగుతున్న రోజుల్లోనే.

అసలు నా కడుపుమంటకు మూలం ఆ "దానంతట అదే" అన్న మాట. మా ఊరి చెరువును మట్టితో పూడ్చి వెంచర్ వేసిన నాడూ ఈయన రచ్చబండ దగ్గర ఇదే మాట అన్నారు: "చెరువు దానంతట అదే ఎండిపోయిందిరా, మనదేముంది?" టిప్పర్లు వరసగా పోతుంటే లేచిన దుమ్ము మా అమ్మ ఆరబెట్టిన వడియాల మీద పడింది, నేను కళ్లారా చూశాను. చేతికి అంటిన మట్టిని కూడా ప్రకృతి ఖాతాలో రాసేవారికి, కంటికి కనిపించని వాయువును అంటగట్టడం ఒక లెక్కా?

చివరికి చేతులు కడుక్కుని, తాంబూలం పుచ్చుకుని, "పిచ్చి పుస్తకాలు చదవకురా" అని నా భుజం తట్టి వెళ్లి ఆయన కారెక్కారు. ఆయన వచ్చేసరికి లోపల చల్లగా ఉండాలని డ్రైవరు అరగంట నుంచీ ఇంజను ఆపకుండా ఏసీ వేసే ఉంచాడు.