శాంక్షన్ లెటర్ గారికి, ఒక శాలువా గ్రహీత రాయునది

మహారాజశ్రీ సబ్సిడీ శాంక్షన్ లెటర్ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి క్షేమానికి లోటేమీ లేదని రోజూ కళ్లారా చూస్తూనే ఉన్నాను. నా అట్టపెట్టెల యూనిట్‌కి ప్రభుత్వం సబ్సిడీ మంజూరు చేసిందని చెప్పే కాగితం తమరు. డబ్బు ఇంకా రాలేదు గానీ, తమర్ని లామినేషన్ చేయించి వెంకటేశ్వరస్వామి పటం పక్కనే తగిలించాం కదా, చెద కూడా పట్టదు. నా క్షేమం సంగతి తర్వాత. ముందు శాలువా సంగతి.

మార్చి 8న పొద్దున్నే మన ఐపీఓ గారు, అదే పరిశ్రమల శాఖ ప్రమోషన్ ఆఫీసర్ గారు, ఫోన్ చేశారు. మార్చి నెలలో పరిశ్రమల ఆఫీసు నంబరు ఫోన్‌లో కనిపిస్తే మా ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఎవరి గుండెకైనా దడ మొదలవుతుంది. డబ్బు విడుదల చేసే ఉత్తర్వు (బీఆర్ఓ) వచ్చిందేమో, ట్రెజరీలో మా బిల్లు టోకెన్ కదిలిందేమో! అదేం కాదు. "మేడమ్, మహిళా దినోత్సవం సందర్భంగా మీకు సన్మానం. పట్టుచీర కట్టుకుని రండి. ప్రభుత్వం నుంచి అందిన సహకారం గురించి రెండు ముక్కలు మాట్లాడాలి" అన్నారు. అందిన సహకారమే కావాలట. అందాల్సిన దాని గురించయితే గంటసేపు మాట్లాడగలను.

మధ్యాహ్నం రెండు గంటలకని చెప్పారు. ముఖ్య అతిథి గారు వచ్చి దీపం వెలిగించేసరికి బయట వీధి దీపాలు కూడా వెలిగాయి. పట్టుచీరల్లో ముందు వరసల్లో మేం, ఫొటోకి నిండుగా. ఇక్కడ యూనిట్లో గమ్ గట్టిపడిపోయింది, స్వీట్ షాపు వాళ్ల బాక్సులు సగంలో ఆగిపోయాయి. వేదిక మీద అందరూ కోట్లలో మాట్లాడుతున్నారు. విశాఖలో టీసీఎస్‌కి 21 ఎకరాల పైచిలుకు భూమి 99 పైసలకే ఇచ్చారని, పెట్టుబడుల్ని రప్పించడమంటే అదని ఒకాయన మురిసిపోయారు. ఇవ్వనివ్వండి, పిల్లలకి ఉద్యోగాలొస్తాయి. నాకేం కడుపుమంట లేదు. కొంచెం ఉంది.

శాలువా కప్పించుకుని దిగాక పరిశ్రమల ఆఫీసు పెద్దసారుని పట్టుకుని తమరి సంగతి అడిగాను. ఆయన నవ్వి, "శాంక్షన్ అయిపోయిందిగా అమ్మా, ఇంకా టెన్షన్ దేనికి? రిలీజ్ సీనియారిటీ ప్రకారం వస్తుంది" అన్నారు. అంటే ముందు మంజూరైన వాళ్లకి ముందు. అదిగో, అందుకే ఈ లేఖ.

తమరు వచ్చిన రోజు గుర్తుందా? మా పాప అప్పుడు ఇంటర్. ఆ సాయంత్రం ఎస్టేట్ మొత్తానికి మైసూర్‌పాక్ పంచాం. ఆ వార్త మా ఆడపడుచుల దాకా పాకింది. సబ్సిడీ లక్షల్లో వచ్చిందటగా, చేబదులు ఇవ్వమని ఫోన్లు మొదలయ్యాయి. ఇంకా రాలేదంటే నమ్మరే! కాగితం ఫొటో వాట్సాప్‌లో చూశారు మరి. ఇప్పుడు మా పాప ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఇద్దరు ఆడపడుచులు నాతో మాట్లాడటం మానేశారు. డబ్బు మాత్రం ఇంకా సీనియారిటీలోనే ఉంది.

పాలసీ పుస్తకంలో తమరి వైభవం చదివే కదా ఇందులో దిగాను. పెట్టుబడి మీద 15 శాతం, ఆడవాళ్లయితే ఇంకో 10 శాతం, కరెంటు యూనిట్‌కి రూపాయి వాపసు, పావలా వడ్డీ, స్టాంపు డ్యూటీ వాపసు. (ఆ 10 శాతం కోసం భార్య పేరున యూనిట్ పెట్టి తామే నడుపుకునే మహానుభావులకు కొదవ లేదు. అందుకే మెషిన్ నేనే నడుపుతున్నా, ఆఫీసులో అడుగు పెట్టగానే "సారు రాలేదా అమ్మా?" అంటారు.) ఈ లెక్కలన్నీ ప్రాజెక్టు రిపోర్టులో వేసి, వాటిని నమ్ముకునే అప్పు చేశాను.

అనుమతుల దగ్గర నాకు పెద్దగా పేచీ లేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. తెలంగాణలో 2014లో పరిశ్రమల అనుమతుల కోసం టీఎస్-ఐపాస్ చట్టం చేసినప్పుడు, పెద్ద ప్రాజెక్టులకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతి రాకపోతే వచ్చినట్టే లెక్క అని రాసుకున్నారు. ఆంధ్రలో అనుమతులన్నీ ఒకే చోట, సింగిల్ డెస్క్ అన్నారు. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ అయితే పైసా ఖర్చు లేకుండా కూర్చున్న చోటే వచ్చేస్తుంది. మర్నాటి నుంచి లోన్ కావాలా అంటూ ఫోన్లు కూడా ఉచితమే. పిలిచి కూర్చోబెట్టే దాకా అందరికీ మర్యాదలు తెలుసు. విస్తరి వేసి వడ్డించే వేళకే వంటవాడు మాయమైపోతాడు.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఈ దేశంలో అన్ని డబ్బులకీ గడువుంది, ఒక్క తమరికి తప్ప.

బ్యాంకు వాయిదా 90 రోజులు దాటితే నా ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. కరెంటు బిల్లు ఆలస్యమైతే లైన్‌మన్ ఫ్యూజు పట్టుకుపోతాడు. జీఎస్టీ ఆలస్యమైతే 18 శాతం వడ్డీ. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాడు 45 రోజుల్లోగా డబ్బు ఇచ్చి తీరాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది. ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. చాలదన్నట్టు 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్నులో కొత్త మెలిక పెట్టారు. మార్చి వచ్చిందంటే మా ఆడిటర్ గారు "అమ్మా, చిన్నవాళ్ల బిల్లులు గడువులోగా కట్టెయ్యి, లేకపోతే ఆ ఖర్చు ఈ ఏడాది లెక్కలో చూపించడానికి లేదు" అని వెంటపడతారు. క్రాఫ్ట్ పేపర్ రీళ్లు ఇచ్చేది కూడా చిన్న మిల్లే, న్యాయమేలే అని గాజులు తాకట్టు పెట్టయినా కడతాను.

ఇంత పద్ధతిగా చట్టాలు రాసినవాళ్లకి తమరి అడుగున ఒక్క వాక్యం రాయడానికి ఇంకు అయిపోయిందా? ఫలానా తేదీలోగా ఇస్తాం, దాటితే ఇంత వడ్డీ. అంతే కదా! తమరిలో షరతులు ఒకటి రెండు అంటూ రెండో పేజీ దాకా ఉన్నాయి. అన్నీ నా మీదే. యూనిట్ అమ్మకూడదు, మెషిన్ మార్చకూడదు, ఏటా లెక్కలు చూపించాలి. ఇచ్చేవాడి మీద ఉన్నది ఒకే ఒక్క షరతు: "నిధుల లభ్యతను బట్టి". ఇదే మాట నేను బ్యాంకు మేనేజర్‌తో అని చూశాను. ఈ నెల వాయిదా నిధుల లభ్యతను బట్టి కడతానండీ అంటే ఆయన కుర్చీలోంచి లేచారు.

పోనీ తమర్ని తాకట్టు పెట్టుకుని అప్పివ్వండి, సాక్షాత్తూ ప్రభుత్వం ఇస్తానన్న డబ్బు అన్నాను. సర్కారు మాట మీద సర్కారు బ్యాంకుకే నమ్మకం లేదు. మరి నేనెందుకు నమ్మాలి?

అసలు విడ్డూరం ఇంకోటుంది. విడుదలకు ముందు మనిషిని పంపి యూనిట్ నడుస్తోందో లేదో చూస్తారట. మూతపడితే డబ్బు లేదు. మా పక్క షెడ్డు ఆయన పేపర్ ప్లేట్లు చేసేవాడు, ఆయనా సీనియారిటీలోనే ఉండేవాడు. వడ్డీలు కట్టలేక షట్టర్ దించేశాడు. ఆ తర్వాతే ఆయన వంతు వచ్చింది. వచ్చి చూశారు, తాళం ఉంది, "నాట్ వర్కింగ్" అని రాసుకుని వెళ్లిపోయారు. ఆ డబ్బు వచ్చుంటే ఆ తాళం పడేదా? నువ్వు చేసిన హత్యకి నువ్వే పంచనామా రాస్తావా? నీకు సిగ్గుందా? గుండ్రటి సీలు, పచ్చ ఇంకు సంతకం, పైన మూడు సింహాలు, కింద సున్నా! నీ ముఖం చూసి నలుగురు ఆడపిల్లల్ని పనిలో పెట్టుకున్నానే, వాళ్ల జీతం రోజు కూడా సీనియారిటీ ప్రకారమే అని చెప్పమంటావా?

క్షమించాలి. శాలువా కప్పుకున్న మనిషి అనవలసిన మాటలు కావు.

ఐపీఓ గారి మీద మాత్రం నాకు కోపం లేదు. పాపం కుర్రవాడు, సొంత బండి మీద, సొంత పెట్రోల్‌తో తిరుగుతాడు. ఇవ్వడానికి ఆయన చేతిలో శాలువా తప్ప ఏమీ లేదు. ఒకరోజు టీ తాగుతూ, "మేడమ్, మీరు డబ్బు అడిగినప్పుడల్లా నేనే బాకీ ఉన్నట్టు తల దించుకుంటున్నాను" అన్నాడు. 1977 పారిశ్రామిక విధానంలో చిన్న పరిశ్రమలకు కావలసినవన్నీ ఒకే కప్పు కింద ఇస్తామని చెప్పి, మరుసటి ఏడాది నుంచి జిల్లా పరిశ్రమల కేంద్రాలు పెట్టారు. ఆ కప్పు ఉంది. కప్పు కింద ఆయనా ఉన్నాడు. ఖజానా ఒక్కటే ఇంకెక్కడో ఉంది.

రాష్ట్రాన్ని బట్టి తమరి బుద్ధి మారుతుందేమోనని కూడా విచారించాను. మా తోడికోడలు వాళ్ల తమ్ముడు కృష్ణకి అవతలి ఒడ్డున పశువుల దాణా యూనిట్ పెట్టాడు. వాళ్లింట్లోనూ తమరి బంధువు ఒకరు లామినేషన్‌లో ఉన్నారట. 2014లో భవనాలూ అప్పులూ ఉద్యోగులూ అన్నీ పంచుకున్నారు, ఈ ఒక్క ఆచారాన్ని మాత్రం రెండు వైపులా పూర్తిగా ఉంచుకున్నారు.

వచ్చే సోమవారం మా యూనిట్ చూడటానికి వస్తారని కబురు. అంటే నా వంతు దగ్గరపడిందని కొందరు, ఏటా మార్చిలో ఇలాగే వస్తారులే అని కొందరు. ఆ రోజుకి మా దగ్గర ఆర్డర్ లేదు, మామిడి బాక్సుల సీజన్ మొదలవడానికి ఇంకా టైముంది. అయినా పొద్దున తొమ్మిదింటి నుంచి మెషిన్ నడుపుతాం. ఎందుకూ పనికిరాని అట్ట వేసయినా సరే, వాళ్లు వచ్చి ఫొటో తీసుకుని వెళ్లేదాకా నడుపుతాం. ఆ కరెంటు బిల్లు కూడా తమరి ఖాతాలోనే రాస్తున్నాను. యూనిట్‌కి రూపాయి వాపసు ఉందిగా.

ఇట్లు,
తమరి జాబితాలో ఒక వరుస సంఖ్య,
మార్చి వరకు వర్కింగ్