డెబ్భై ఏళ్ల కంసాలి చెక్కిన ప్రకటన గ్రంథం

బైబిల్లో చివరిదైన, లోకాంతపు దర్శనాలు చెప్పే ప్రకటన గ్రంథానికి వేసిన బొమ్మలు అనగానే చాలామందికి జర్మన్ కళాకారుడు డ్యూరర్ గుర్తొస్తారు. 1498లో ఆయన అచ్చువేసిన 15 చెక్క అచ్చు బొమ్మలు యూరప్ అంతా తిరిగాయి. తర్వాత ఆ పనికి పూనుకున్న ఎవరినైనా వాటి పక్కన పెట్టే చూస్తున్నారు. ఆ పోలికలో బాగా నష్టపోయినవారు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ దువే. బొమ్మంతా ఇరుకిరుకని, దూరం దగ్గర తెలియవని, డ్యూరర్‌ను చూసి గీశారని అంటారు. ఇవన్నీ నిజమే. కానీ అందుకని ఆయనకు పని రాదనేస్తే ఒప్పుకోలేను.

దువే 1485 ప్రాంతంలో పుట్టారు. వృత్తి కంసాలి పని, ఊరు లాంగ్ర్. రాగి రేకు మీద చెక్కడం ఆయన చేతికి ముందునుంచీ అలవాటైన విద్య. ఆ పద్ధతి తెలిస్తే ఆ ఇరుకు వేరేలా కనిపిస్తుంది. చెక్క అచ్చులో తెల్లగా ఉండాల్సిన చోటును తొలిచి తీసెయ్యాలి, గీతలు పైకి తేలి ఉంటాయి. రాగి రేకు మీద ఇది తిరగబడుతుంది. సన్నని ఉలితో గీత లోతుగా చెక్కి, సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. చెక్కని చోటు దానంతటదే తెల్లగా మిగులుతుంది. అంటే ఖాళీ వదలడం దువేకు అన్నిటికంటే తేలిక. అయినా ఆయన ఎక్కడా వదల్లేదు. మబ్బులు, రెక్కలు, గుర్రాలు, కిందపడి నలిగే మనుషులు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచుదాకా నిండిపోయాయి. పని తెలిసినవాడు కావాలని నెత్తికెత్తుకున్న కష్టమది.

ఎంత కష్టమో మొదటి బొమ్మలో ఆయనే చెప్పుకున్నారు. పత్మోసు ద్వీపంలో దర్శనాలు రాసిన యోహాను స్థానంలో తన రూపాన్నే కూర్చోబెట్టారు. నీళ్ల మీద పడవలో మనిషి ఆయుష్షు తేల్చే ముగ్గురు విధిదేవతలు వస్తుంటారు. 1555 అని తేదీ, తన వయసు 70 అని లెక్క చెక్కారు. విధి తరుముతోంది, చేతులు వణుకుతున్నాయి, చూపు ఆనడం లేదు, అయినా మనసే గెలిచి ఈ పెద్ద పని చెయ్యమంటోందని లాటిన్‌లో రాసుకున్నారు. వణికే చేత్తో రాగి మీద గీత తప్పితే దిద్దడం ఎంత కష్టమో కంసాలి పని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఈ 20కి పైగా బొమ్మలు 1561లో లియోన్‌లో జాన్ ద తూర్న్ ముద్రణాలయం నుంచి పుస్తకంగా వచ్చాయి. 1553లో అదే ముద్రణాలయం బెర్నార్ సలోమోన్ బైబిల్ బొమ్మలు వేసింది. అరచేతిలో ఇమిడే చిన్న బొమ్మ, దాని కింద నాలుగు పాదాల పద్యం. ముచ్చటగా ఉంటాయి, జనం బాగా ఆదరించారు. కథ చెప్పడానికి ఆ పొందిక సరిపోతుంది. కానీ ప్రకటన గ్రంథం అలాంటి కథ కాదు. గ్రంథపు చుట్ట మీది ముద్ర విప్పితే దేవదూత బూర, బూర ఆగితే దేవుడి కోపం నింపిన పాత్ర, ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. తెలుగు బైబిల్లో చదివినవాళ్లకూ ఆ ఉక్కిరిబిక్కిరి తెలుసు. డ్యూరర్ దాన్ని విడమరిచి చూపించారు. దువే మాత్రం మనల్ని అందులోకే నెట్టేశారు. చదివేటప్పుడు కలిగే భయం నాకు రెండోదాంట్లోనే ఎక్కువ కనిపిస్తుంది.

ఫోన్‌లో చిన్నగా చూస్తే ఇవి నల్లటి ముద్దలా ఉంటాయి. అసలు బొమ్మ ఒక్కోటి దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తు. పెద్ద తెర మీద ఒక మూల నుంచి జూమ్ చేస్తూ చూడండి, మబ్బు అనుకున్న చోట ముఖాలు బయటపడతాయి.