గోడ గడియారానికి జరిగిన అవమానం

కాలాన్ని గోడకు మేకు కొట్టి వేలాడదీశామనీ, పట్టీ వేసి మణికట్టుకు బిగించామనీ, చివరకు ఫోనులో పెట్టి జేబులో వేసుకున్నామనీ ఇన్నాళ్లూ మురిసిపోతున్న మనకు జీవశాస్త్రజ్ఞులు చేసిన ద్రోహం సామాన్యమైనది కాదు. మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ, మనల్ని ఒక్క మాట కూడా అడగకుండా, మరో గడియారం నడుస్తున్నదని వారు రుజువులతో సహా తేల్చారు. దానికి ముల్లు లేదు, కీ ఇచ్చే పని లేదు, మోగినప్పుడు నోరు నొక్కుదామంటే మీట కూడా లేదు. పెత్తనమంతా గుప్పెడు జన్యువులది. గోడ గడియారం పట్ల విధేయత గల మనిషిగా, ఈ సమాంతర ప్రభుత్వం మీద బహిరంగంగా ఫిర్యాదు చేయడం నా కర్తవ్యమని భావిస్తున్నాను.

ముందుగా ఆ ప్రభుత్వం నడిచే తీరు గమనించండి. క్లాక్, బీమాల్-1 అనే రెండు ప్రోటీన్లు జంటగా వచ్చి డీఎన్ఏ మీద ఈ-బాక్స్ అనే చోట కూర్చుని, పీరియడ్, క్రిప్టోక్రోమ్ అనే జన్యువులను పనిలోకి దిగమని ఆదేశిస్తాయి. ఆ జన్యువుల నుంచి పుట్టిన పెర్, క్రై ప్రోటీన్లు గంటలు గడిచేకొద్దీ కణంలో పోగుపడి, ఒకదానితో ఒకటి జతకట్టి, కేంద్రకంలోకి తిరిగివచ్చి, తమ పుట్టుకకు ఆదేశమిచ్చిన ఆ జంట నెత్తి మీదే చెయ్యి పెడతాయి. భస్మాసురుడికి వరమిచ్చినవాడు కనీసం పరుగెత్తాడు. వీటికి ఆ వెసులుబాటు కూడా లేదు. ఆదేశం ఆగిపోతుంది, కొత్త పెర్, క్రైలు పుట్టవు, ఉన్నవి మెల్లగా నశిస్తాయి, పీడ విరగడ కాగానే క్లాక్, బీమాల్-1 ఏమీ జరగనట్టు లేచి కూర్చుని మళ్లీ అదే ఆదేశం జారీ చేస్తాయి. ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 24 గంటలు. నిన్నటి అనుభవం నుంచి పిసరంత కూడా నేర్చుకోని ఈ వ్యవహారాన్ని శాస్త్రజ్ఞులు ‘ప్రతికూల పునర్నివేశం’ (నెగెటివ్ ఫీడ్‌బ్యాక్) అని మర్యాదగా పిలుస్తున్నారు. మామూలు మాటల్లో దీన్ని కృతఘ్నత అంటారు.

జన్యువును చదవడానికీ, ప్రోటీనును తయారు చేయడానికీ కణానికి రోజంతా అవసరం లేదు కదా, మరి ఇంత ఆలస్యమెందుకని ఎవరికైనా సందేహం రావాలి. దీనికి కారణం, ఏ కార్యాలయం గడప తొక్కినవారికైనా సుపరిచితమైనదే. మధ్యలో ముద్రలు వేసే గుమాస్తా ఒకడున్నాడు. కేసీన్ కైనేజ్-1 అనే ఈ ఎంజైము పెర్ ప్రోటీనుకు ఫాస్ఫేటు ముద్రలు తగిలిస్తుంది. ముద్ర ఏ చోట పడింది, ఏ వరుసలో పడింది అన్నదాన్ని బట్టి ఆ ప్రోటీను త్వరగా నాశనమవుతుందా, ఇంకొన్ని గంటలు నిలుస్తుందా అన్నది తేలుతుంది. అంటే దస్త్రం కదలకపోవడమే ఇక్కడ పాలన. గుమాస్తా తీరు మారితే ఏమవుతుందో చూపించడానికి 1988లో హ్యామ్‌స్టర్ అనే ఎలుకలాంటి జంతువు ఒకటి దొరికింది. దాని రోజు 22 గంటలకే ముగిసేది. దాని సంతతిలో ఆ మార్పును తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా పొందినవాటికి 20 గంటలకే తెల్లవారేది. దోషం ఆ గుమాస్తాలోనే ఒక రకమైన కేసీన్ కైనేజ్-1 ఎప్సిలాన్ జన్యువులో ఉన్నదని 2000లో బయటపడింది. జాప్యాన్ని తగ్గిస్తే రోజే కురచబడుతుందన్న ఈ పరిశోధన, దస్త్రాలు తొక్కిపెట్టేవారి కంట ఇంతవరకూ పడకపోవడం మన అదృష్టం.

పోనీ, ఇంతమంది గుమాస్తాల పైన ఒక అధికారి లేడా అంటే, ఉన్నాడు. కంటి నాడులు ఒకదానినొకటి దాటే చోటుకు సరిగ్గా పైన, మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో, సుమారు 20,000 నాడీకణాలతో సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే ముఖ్య కార్యాలయం ఉంది. కంటి రెటినాలో వెలుగును పసిగట్టే మెలనాప్సిన్ అనే ప్రోటీను గల ప్రత్యేక కణాలు వెలుగు కబురు అక్కడికి చేరవేస్తాయి. ఇంత హంగు చూసి దేహమంతా దాని మాట వింటుందనుకుంటే పొరపాటు. 1998లో జెనీవా ప్రయోగశాలలో, ఎలుక నుంచి ఏనాడో వేరుచేసి గాజు పాత్రల్లో పెంచుతూ వచ్చిన ఫైబ్రోబ్లాస్ట్ అనే సంధాయక కణజాల కణాలకు కాస్త సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) తగిలించగానే, అవి వాటంతట అవే రోజువారీ లయ పట్టాయి. వాటికి మెదడు లేదు, కన్ను లేదు, మర్నాడు హాజరు కావలసిన ఉద్యోగం అసలే లేదు, అయినా సమయపాలన!

కాలేయం సంగతి ఇంకా విచిత్రం. వేళ మార్చి, పడుకోవలసిన సమయంలోనే తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకు ఎలుకల కాలేయం తన గడియారాన్ని భోజనం వైపు తిప్పుకుంటుంది, ముఖ్య కార్యాలయం మాత్రం వెలుగునే నమ్ముకుని ఉన్న చోటనే ఉంటుంది. రాజధానిలో పగలు, జిల్లాలో అర్ధరాత్రి. అర్ధరాత్రి ఫ్రిజ్ తలుపు తెరిచే పెద్దలు తమ పొట్టలో ఎంతటి రాజ్యాంగ సంక్షోభం రేపుతున్నారో గ్రహించాలి. (ఈ వాక్యం రాస్తున్నప్పుడు నేను వంటగదిలో లేనని మనవి.)

అసలు బాధ ఇది కాదు. పొద్దున్నే లేవడం సుగుణమనీ, పొద్దెక్కాక లేవడం బద్ధకమనీ తరతరాలుగా మనం నిర్మించుకున్న నీతిశాస్త్రం ఏమైపోవాలి? సాయంత్రం ఏడున్నరకే కళ్లు మూతలుపడి, తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చే కొన్ని కుటుంబాలున్నాయి. కోడికంటే ముందు లేచే వీరిని మనం ఋషితుల్యులనుకున్నాం. 2001లో అటువంటి ఒక కుటుంబాన్ని పరిశీలిస్తే, పెర్-2 ప్రోటీనులో 662వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట గ్లైసీన్ అనే మరొకటి ఉన్నదని తెలిసింది. గుమాస్తా ముద్ర వేయవలసిన చోటు అదే. ఋషిత్వం చిరునామా 662 అన్నమాట. మరోవైపు, క్రై-1 జన్యువులో ఒక మార్పు ఉన్నవారికి నిద్ర గంటల తరబడి ఆలస్యంగా వస్తుందని 2017లో వెల్లడైంది. తొమ్మిదింటికి కళ్లు నులుముకుంటూ లేచినవారిని ఇకమీద ఏ మొహం పెట్టుకుని తిట్టాలి? తిట్టేవారి గొంతు నొక్కే ఇటువంటి ఫలితాలు ప్రకటించేముందు పెద్దలను సంప్రదించి ఉండవలసింది. పైగా అదే ఏడాది, ఇదే గడియారాన్ని పండ్ల ఈగల్లో విప్పి చూపించినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు!

కనుక ఈ గడియారాన్ని రద్దు చేయాలని మొదట ప్రతిపాదించాలనుకున్నాను. ఆ పని ఎలుకల్లో ఇదివరకే చేసి చూశారట. బీమాల్-1 జన్యువును తొలగించిన ఎలుకలు నిరంతర చీకట్లో లయ పూర్తిగా తప్పి, ఎప్పుడు పడితే అప్పుడు తిరిగి, ఎప్పుడు పడితే అప్పుడు పడుకుని, ఆపైన తోటి ఎలుకలకంటే ముందే ముసలివై, ముందే పోయాయి. అందువల్ల రద్దు ప్రతిపాదనను వెనక్కి తీసుకుని, దాని స్థానంలో శరీరంలోని కణాలన్నీ రేపు ఉదయం సరిగ్గా తొమ్మిది గంటలకు గోడ గడియారం ముందు హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలని నోటీసు జారీ చేశాను. మెదడు నుంచి ఇంకా జవాబు లేదు. కాలేయం మాత్రం, తొమ్మిదంటే ఎవరి తొమ్మిది అని అడిగింది.