పెద్దమ్మ తెచ్చిన తొలికాయ

ఈ జనవరిలో, అమెరికాలో ఉంటున్న మన సంఘ సభ్యుల చందాలతో, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా ఊరి చర్చిలో జరిగిన కోత పండుగను, అంటే పంటలో తొలి ఫలాలను దేవునికి అర్పించే పండుగను, మీలో చాలామంది ప్రత్యక్ష ప్రసారంలో చూసే ఉంటారు. వేదిక, దీపాలు, కొత్త కప్పు, దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలక అన్నీ చక్కగా కనిపించాయని మీరు పంపిన సందేశాలు చదివాను. కెమెరాకు కనిపించనిది ఒకటి ఉన్నది. దాని గురించి చెప్పకుండా వచ్చే ఏటి కార్యక్రమానికి చందా రాయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ఆ రోజు మా పెద్దమ్మ చీర కొంగులో చుట్టి ఒక కొబ్బరికాయ తెచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన నాటికి ఆమె పెరట్లోను, పక్కనున్న చిన్న తోటలోను కలిపి పద్దెనిమిది కొబ్బరిచెట్లు ఉండేవి. తెల్లవారేసరికి రెండు నిలిచాయి. కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకని చెప్పుకొనే ప్రాంతంలో ఆ ఉదయం ఎట్లా గడిచిందో ఈ పత్రిక పాఠకులకు నేను వర్ణించనక్కరలేదు, మీలో ఎందరి ఇళ్లలోనో అదే జరిగింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ లెక్క తెలిసి కూడా, డెబ్బై దాటిన వయసులో, కూలిన చెట్ల మొదళ్లు తీయించిన గోతుల పక్కనే ఆమె మొక్కలు పెట్టించింది. వాటిలో ఒకటి నిరుడు తొలిసారి గెల వేసింది. అందులో మొదట ముదిరిన కాయను ఇంట్లో కొట్టకుండా, వ్యాపారికి వేయకుండా, పండుగ వరకు అటక మీద దాచి, ప్రథమ ఫలంగా మందిరానికి తెచ్చింది.

తెచ్చిన కాయను పెట్టడానికి బల్ల లేదు. మన చిన్నతనంలో ప్రసంగ వేదిక ముందు తెల్లగుడ్డ పరచిన బల్ల మీద గుమ్మడికాయలు, కోడిగుడ్లు, ధాన్యం బుట్టలు, జీడిపిక్కలు, కాళ్లు కట్టిన కోడిపుంజులు ఉండేవి. ఈసారి ఆ స్థలంలో ఫోనుతో స్కాన్ చేసి కానుక పంపే బోర్డు నిలబెట్టారు. దేవుడు చేసిన మేళ్లను అందరి ముందు చెప్పుకొనే సాక్ష్యాలకు ఇరవై నిమిషాలు కేటాయించగా, సెలవుల మీద వచ్చిన మనవాళ్లు నలుగురు మాట్లాడారు: ఒకరు పౌరసత్వం వచ్చినందుకు, ఒకరు రెండో ఇల్లు కొన్నందుకు, ఒకరు కుమార్తెకు వైద్యవిద్యలో సీటు వచ్చినందుకు, ఒకరు సొంత కంపెనీ నిలదొక్కుకున్నందుకు దేవుణ్ణి స్తుతించారు. నలుగురూ మనస్ఫూర్తిగానే మాట్లాడారు, ఒకరి కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ తరువాత పెద్దమ్మ లేచి నిలబడి మైకు కోసం చెయ్యి చాచింది. "సమయం అయిపోయింది మామ్మా, ప్రార్థనలో చెప్పుకోండి" అని నిర్వాహకుల్లో ఒకరు మర్యాదగానే చెప్పారు. ఆమె కూర్చున్నది. కాయను ఎవరో అందుకొని వెనుక గదిలో నీళ్ల డబ్బాల పక్కన పెట్టారు. ఆ కాలపట్టిక తయారుచేసింది నేనే. నిమిషాలు లెక్కపెట్టి గీతలు గీసినప్పుడు, ఊరివాళ్లు ఎవరైనా సాక్ష్యం చెబుతారేమో అన్న ఆలోచన నాకు రాలేదు. ఈ వ్యాసం మొదటగా నా తప్పును ఒప్పుకోవడానికే రాస్తున్నాను.

ఆ రాత్రి ఆమె ఇంటి అరుగు మీద కూర్చొని, మందిరంలో ఏం చెప్పాలనుకున్నదో అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: "నానేటి పెద్ద మాటలు సెప్పనేను బాబూ. పొద్దున్న కొళాయి తిప్పితే నీలొచ్చినాయి. కరెంటు పోనేదు, ఆడి మిషను ఆగనేదు. గంజిలోకి ఉప్పుంది. సెట్టు కాసింది. ఆయన్ని తలసకుండా అన్నం ఎలాగ తింతాను?"

ఆ నాలుగు మాటల వెనుక ఏమున్నదో తెలియనివారికి అవి ముసలితనపు మాటల్లా వినిపించవచ్చు. ఆమె చెప్పిన "ఆడు" నాకు తమ్ముడి వరస. ఉద్దానాన్ని ఏళ్ల తరబడి తినేస్తున్న మూత్రపిండాల వ్యాధి అతణ్ణి నలభై రెండో ఏట పట్టుకున్నది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఈ వ్యాధి తాకని ఊరు వెతకాలి. దానికి మూలకారణం ఇదని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. భూగర్భ జలాల మీదనే ఊళ్లవాళ్లకు అనుమానం ఎక్కువ కనుక, 2023 డిసెంబరులో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకం ప్రారంభమైనప్పుడు పెద్దమ్మ ఆ నీళ్లు మొదటి బిందె పట్టి, తాగకముందు మోకరించిందని మా చెల్లెలు చెప్పింది. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాల్లో, కొడుకును ఆటోలో సోంపేట తీసుకువెళ్లి, నాలుగు గంటలు డయాలిసిస్ మంచం పక్కన కూర్చొని తిరిగి తీసుకువస్తుంది. కరెంటు పోలేదని ఆమె స్తుతించడానికి అర్థం అది. మన పండుగ శుక్రవారం పడింది. మన విమాన టిక్కెట్లకు అదే అనుకూలమైన రోజు. పక్కింటి కుర్రవాణ్ణి కొడుకు వెంట పంపి, ఆ తొలికాయ కోసం ఆమె మందిరానికి వచ్చింది.

నాకు మొదట కృతజ్ఞత నేర్పినది ఏ ప్రసంగమూ కాదు, మా అమ్మ పిడికెడు బియ్యం డబ్బా. ఉత్తరాంధ్ర క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవారికి అది తెలుసు: ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం, ఆదివారం దాన్ని మందిరానికి తీసుకువెళ్లడం, అందరి బియ్యం కలిపి అమ్మగా వచ్చిన సొమ్ము పాస్టరుగారి జీతానికో, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఖర్చుకో పోవడం. నాకు తొమ్మిదేళ్లప్పుడు, నాన్న పనికోసం వలసపోయి డబ్బు పంపడం ఆలస్యమైన ఒక రోజు, ఇంట్లో ఒక పూటకే బియ్యం మిగిలాయి. ఆ పూట కూడా అమ్మ పిడికెడు తీసింది. నాకు కోపం వచ్చి ఆ డబ్బా తన్నాను. గింజలు గచ్చు మీద చిందాయి. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కొక్క గింజ ఏరించింది. ఏరుతున్నంతసేపూ "ఇవి ఎవులిచ్చినారు?" అని అడుగుతూనే ఉన్నది. నాన్న పంపిన డబ్బుతో కొన్నవని చెప్పాను. నాన్నకు చేతులు ఎవరిచ్చారని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. ఆ రాత్రి గంజి పలచగా ఉన్నది, నాకు ఆకలి తీరలేదు. అది కూడా నిజమే గనుక రాస్తున్నాను. అయినా యాభై ఏళ్ల తరువాత న్యూజెర్సీలోని నా వంటింట్లో ఇరవై పౌన్ల బియ్యం సంచి విప్పినప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

బైబిలులోని ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ప్రథమ ఫలాల గంపను ఎట్లా అర్పించాలో వివరంగా ఉన్నది. యాజకుడు గంపను అందుకొని బలిపీఠం ఎదుట పెట్టాలి. ఆ తరువాత మాట్లాడవలసింది యాజకుడు కాడు, గంప తెచ్చినవాడే. తన తండ్రి దిక్కులేక తిరిగిన అరామీయుడని, ఐగుప్తులో కష్టపడ్డామని, దేవుడు ఈ నేలకు తీసుకువచ్చాడని, ఇదిగో ఈ నేల పండించిన తొలి ఫలమని అతడే నోరు తెరిచి చెప్పాలి. చెప్పినవాడు మందిర సేవ చేసే లేవీయునితోను, తమ మధ్యనున్న పరదేశితోను కలిసి సంతోషించాలని కూడా అక్కడే ఉన్నది. పరదేశంలో బతుకుతున్న మనకు ఆ మాట బాగా తగులుతుంది. గంప పట్టుకొని నోరు మూసుకోమనే పద్ధతి ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైనా తిరిగి వచ్చినవాడు ఒక్కడే. అతడు గొప్ప శబ్దంతో దేవుణ్ణి మహిమపరచినప్పుడు, మనసులో అనుకుంటే చాలునని యేసు అనలేదు; మిగిలిన తొమ్మిదిమంది ఎక్కడని అడిగాడు.

ఇంత చెప్పాక, ఊరి పాత పద్ధతిని పొగిడి ఊరుకుంటే న్యాయం కాదు. ఆ బల్ల మీది గుమ్మడికాయలకు జరిగే వేలంపాటలో భక్తి ఎంత ఉండేదో పంతం కూడా అంత ఉండేది. ఒక ఏడాది మా నాన్న, తోడల్లుడి మీద పంతంతో ఒక కోడిపుంజును నెల ఖర్చు పెట్టి పాడుకొని, ఆ నెలంతా అమ్మ చేత అప్పులు చేయించాడు. ఏమీ పాడలేనివాళ్లు వెనుక వరుసల్లో తల వంచుకొని కూర్చొనేవారు. ఆన్‌లైన్ కానుక వచ్చాక లెక్కలు స్పష్టంగా ఉన్నాయి, ఎవరు ఎంత ఇచ్చారో పక్కవాడికి తెలియదు, అది మేలు. సముద్రాలు దాటి వచ్చిన డబ్బును చిన్నచూపు చూసే అర్హత నాకు అసలే లేదు. సోంపేట ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి వైద్యులు డాక్టర్ బెన్ గల్లిసన్ పిలుపు వల్లనే 1963లో కెనడాలోని కేల్గరీలో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. ముక్కూ మొహం తెలియని మనుషులు ఇచ్చిన కానుకలతో మన ప్రాంతంలో ఎందరికో చూపు వచ్చింది. తిత్లీ ఎత్తుకుపోయిన చర్చి కప్పును తిరిగి వేసింది కూడా మీ చందాలే. పౌరసత్వం, ఇల్లు, సీటు దేవుని మేళ్లు కావని నేను అనడం లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పేదవాడితో, రోగితో "ఉన్నదానికి స్తోత్రం చెప్పు" అని అనడం తేలిక, ఆ మాటతో వాడి ఫిర్యాదు నోరు నొక్కడమూ తేలికే. వ్యాధికి కారణం తేల్చమని, ఆసుపత్రిలో ఇంకొన్ని యంత్రాలు పెట్టమని ఉద్దానంవారు అడగడం కృతఘ్నత కాదు. కీర్తనల గ్రంథంలో స్తుతి ఎంత ఉన్నదో "ఎంతకాలము ప్రభువా" అన్న మొర కూడా అంత గట్టిగా ఉన్నది. పెద్దమ్మ నీళ్లకు స్తోత్రం చెప్పిన నోటితోనే, కొడుకు జబ్బు సంగతి దేవుణ్ణి రోజూ నిలదీస్తానని కూడా నాతో అన్నది. ఆ రెండూ ఆమె ఒకే ప్రార్థనలో ఇమిడాయి. మనం ఇక్కడ సెలవు తీసుకొనే నవంబరు కృతజ్ఞతా దినాన్ని లింకన్ 1863లో దేశమంతటికీ ప్రకటించినప్పుడు అంతర్యుద్ధం ఇంకా సాగుతూనే ఉన్నది. ఆనాటి ఆ ప్రకటన పండిన పొలాలను కూడా మరువలేదు, వితంతువులను, అనాథలను కూడా మరువలేదు.

మన పిల్లలను గమనించండి. కొళాయి, కరెంటు, అన్నం వాళ్లకు దేవుడిచ్చినవిగా తోచడం లేదు, ఇంటితో పాటు వచ్చినవిగా తోస్తున్నాయి. వాటికి స్తోత్రం చెప్పే మనిషిని మన వేదిక మీదనే వాళ్లు వినలేకపోతే ఇంకెక్కడ వింటారు? అందుకే కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. స్కాన్ బోర్డును గుమ్మం దగ్గర పెట్టండి, దాని స్థలంలో తెల్లగుడ్డ పరచిన బల్లను తిరిగి పెట్టండి. వేలంపాట వద్దు, వచ్చినవాటిని ఆ సాయంత్రమే వండి అందరం కలిసి తిందాం. సాక్ష్యాల సమయంలో సగం ఊరివాళ్లకు ఇవ్వండి, మనవాళ్ల వంతు ఆ తరువాత రానివ్వండి. ప్రత్యక్ష ప్రసారం అరగంట ఆలస్యమైతే మనం ఇక్కడ ఇంకో అరగంట మేలుకొని చూద్దాం. ఇక్కడి మన ఇళ్లలో కూడా, వీలైనవారు, బియ్యం సంచి పక్కన ఒక చిన్న డబ్బా పెట్టి, పిడికెడు తీసే పని పిల్లల చేత చేయించండి. ఆ బియ్యాన్ని మన పట్టణాల్లోని అన్నదాన కేంద్రాలు సంతోషంగా తీసుకుంటాయి.

ఈ వ్యాసం పంపే ముందు పెద్దమ్మకు ఫోను చేసి, వచ్చే జనవరిలో మొదటి సాక్ష్యం ఆమెదే కావాలని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, పండుగ ఆదివారం పెడితే వస్తానని, సోమవారమో శుక్రవారమో పెడితే ఈసారి కొడుకును పరాయివాళ్ల వెంట పంపలేనని చెప్పింది. టిక్కెట్లు కొనబోయేవారు దయచేసి ఆదివారం చూసి కొనండి.