ఫారం సి, బైరాగి వేషం

మా బావ ఉద్యోగమంతా మండల కచేరీలోనే సాగింది, అదీ బల్లకు అవతలి వైపున. అడంగల్ నకలు కోసం వచ్చిన రైతును ఆధార్ ఉందా, పాసుపుస్తకం ఉందా, వీఆర్వో సంతకం ఏదీ అని మూడు చెరువుల నీళ్లు తాగించి, అన్నీ ఉన్నాయని తేలిపోతే "సర్వర్ లేదు, రేపు రండి" అని పంపేసిన ఘనుడు. అలాంటి మనిషి చేత ఒక అర్జీ నింపించగల వాడు భూమ్మీద లేడని మా ఇంట్లో అందరి నమ్మకం. చివరికి జపాన్ నుంచి ఒకాయన రావలసి వచ్చింది.

మా మేనల్లుడు శ్రీసిటీలో ఒక కార్ఖానాలో పనిచేస్తాడు. 2025 మే నెలలో గంగమ్మ జాతర చూపిస్తానని తన పైఅధికారి అయిన ఇంజనీరును తిరుపతికి తీసుకొచ్చాడు. మంగళవారం సాయంత్రం ఆరు గంటలకు దిగారు. అక్క కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసును రెండు చేతులా అందుకుని, నడుము వంచి నమస్కరించి, ఒక్క గుక్కైనా తాగకుండా పక్కన పెట్టి, సంచిలోంచి నీలం రంగు ఫైలు తీసి బావ ఒళ్లో ఉంచాడు.

"ఫారం సి," అన్నాడు.

బావ ఆ ఫైలును తాంబూలమేమో అన్నంత మర్యాదగా పట్టుకుని కూర్చున్నాడు. మేనల్లుడు విడమరచి చెప్పాడు. విదేశీయుడు మన దేశంలో ఎక్కడ రాత్రి బస చేసినా, అది హోటలైనా సత్రమైనా మామూలు ఇల్లైనా సరే, ఆ ఇంటివాళ్లు 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలపాలి. చెన్నైలో ఆయనకు ఫ్లాటుంది, అక్కడి నమోదు ఉంది, అయినా ఊరు మారి పడుకుంటే ఆ పడక లెక్క వేరు. అప్పటికి 1946 నాటి విదేశీయుల చట్టమే నడుస్తోంది. ఆ సెప్టెంబరు 1 నుంచి దానితోపాటు మరో మూడు పాత చట్టాలను సాగనంపి కొత్త చట్టం తెచ్చారు గానీ, బసకిచ్చిన వాడి నెత్తిన బరువు తగ్గలేదు.

ఇంజనీరు ఈ విద్యలో ఆరితేరినవాడు. ఇక్కడికి రాకముందు థాయిలాండ్‌లో పనిచేశాడట. అక్కడ దీన్ని టీఎం 30 అంటారు. ఇంటి యజమాని 24 గంటల్లో దాఖలు చేయకపోతే జరిమానా. అది చాలదని, అద్దెకున్న విదేశీయుడు తాను ఫలానా చోటే ఉన్నానని 90 రోజులకొకసారి విడిగా చెప్పుకోవాలి. 2019లో ఈ నియమాన్ని బిగించినప్పుడు, శని ఆదివారాలు సముద్రపు ఒడ్డుకు వెళ్లి అదే ఇంటికి తిరిగొచ్చిన వాళ్లు కూడా ఇంటావిడ కాళ్లావేళ్లా పడి మళ్లీ ఫారం పెట్టించుకునేవారట. మరుసటి ఏడాది సడలించారు. ఆ కబురు వినగానే వాళ్ల ఇంటావిడ ఈయన తల నిమిరి దీవించిందని చెప్పాడు. ఇక జపాన్‌లో అయితే ఇల్లు మారిన 14 రోజుల్లో పురపాలక కార్యాలయానికి వెళ్లి కొత్త చిరునామా చెప్పుకోవడం సొంత పౌరులకే తప్పదు. ఆయనకు ఇది ఉగ్గుపాలతో అబ్బింది, మనకు తహసీల్దారు తిడితేనే అబ్బుతుంది.

"రేపు చూద్దాం సార్," అన్నాడు బావ, అలవాటు కొద్దీ.

ఇంజనీరు ఫోను తీసి మరునాడు సాయంత్రం నాలుగింటికి అలారం పెట్టుకున్నాడు. అప్పుడు కాఫీ తాగాడు.

ఆ రాత్రే జాతర మొదలైందని డప్పు కొట్టి చెప్పే చాటింపు. డప్పులు వీధి మలుపు తిరిగాక అక్క అతిథికి గంగమ్మ కథ మొదలుపెట్టింది, మేనల్లుడు ఇంగ్లీషులోకి మార్చాడు. ఆడపిల్లలను చెరిచే పాలెగాడు అమ్మవారికి భయపడి ఎక్కడో దాక్కున్నాడు. వాణ్ని బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషం వేసింది, బైరాగి, బండ, తోటి, ఆఖరికి దొర వేషం చూసి వాడు బయటికొచ్చాడు, తల తెగింది. ఇంజనీరు శ్రద్ధగా విని, పాలెగాడు దాక్కున్న ఇంటి యజమాని ఎందుకు తెలియజేయలేదని అడిగాడు. నిజమే. ఆ యజమాని 24 గంటల్లో ఒక్క ఫారం పడేసి ఉంటే అమ్మవారికి ఇన్ని వేషాల శ్రమ ఉండేది కాదు. తిరుపతికి జాతరా ఉండేది కాదు, అది వేరే సంగతి.

ఆ మాటల మధ్యే అక్క అసలు నియమం బయటపెట్టింది. చాటింపు పడే వేళకు ఊళ్లో ఉన్నవాళ్లు జాతర ముగిసేదాకా పొలిమేర దాటకూడదు. ఇంజనీరు బుధవారం రాత్రికే బయలుదేరాలి. నియమం అన్న మాట వినగానే ఆయన వెన్ను నిటారు చేసి, "దీనికి ఫారం ఏది?" అన్నాడు.

తెల్లారి బైరాగి వేషం రోజు. మేనల్లుడు, పక్కింటి కుర్రాళ్లు కలిసి ఆయనకు ఒంటి నిండా నామపుసుద్ద పూసి, తలకు వేపమండలు చుట్టి తీసుకుపోయారు. బావ, నేను నెట్ సెంటరుకు వెళ్లాం. బసకిచ్చే చోటు వివరాల దగ్గర ఎంతమందికి వసతి ఉందని ఉంది. బావ అక్కకు ఫోను చేశాడు. "మన పెద్దదాని పెళ్లిలో మిద్దె మీద కూడా పడుకున్నారు కదండీ, నలభై వేయండి," అంది. సెంటరు కుర్రాడు మా మొహాలు చూసి రెండు వేశాడు.

ఆ తర్వాత పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఫోటో. అవన్నీ ఉన్న నీలం ఫైలునేమో అక్క భద్రంగా బీరువాలో పెట్టేసింది. బీరువా తాళం అక్క బొడ్డులో. అక్క ఈలోగా తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గర ఆడవాళ్ల వరుసలో చేరిపోయింది. అక్కడ డప్పుల మోతలో ఫోను మోగినా వినపడదు.

"జపాన్ ఆయన్ను కనిపెట్టడం ఎంతసేపు?" అన్నాడు బావ.

గాంధీ రోడ్డు మీదికి రాగానే అర్థమైంది. ఎదురుగా వస్తున్న వాళ్లందరూ తెల్లగా ఉన్నారు. పొట్టివాళ్లు తెల్లగా, పొడుగువాళ్లు తెల్లగా, చంకలో పిల్లాడు కూడా తెల్లగా. నామపుసుద్ద పూశాక జపానూ లేదు, మా ఊరి జీవకోనా లేదు. బావ ఉద్యోగపు గొంతు తెచ్చుకుని ఒక్కొక్క బైరాగినీ ఆపి "పాస్‌పోర్టు ఉందా?" అని అడగడం మొదలుపెట్టాడు. జాతరలో వేషం కట్టినవాడు తిడితే అమ్మ మెచ్చుతుందని ఆనవాయితీ. వాళ్లు ఏ మాత్రం లోటు చేయలేదు. ఒకడు బావ గారి మూడు తరాలను వరుసగా తలుచుకున్నాడు. పక్కవాడు మరచిపోయిన మేనత్తను చేర్చాడు. రైతులు ఇన్నేళ్లూ మనసులో దాచుకున్నదంతా అమ్మవారు ఆ బైరాగుల నోట పలికించిందని నాకు గట్టి అనుమానం, బావతో అనలేదు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర అరుగు మీద కూలబడ్డాం. పక్కనే ఒక బైరాగి నిలబడి ఉన్నాడు. బావ ఓపిక లేక ఆయన్ను అడగలేదు. ఆయనే బావ వైపు తిరిగి, నడుము వంచి నమస్కరించి, కుర్రాళ్లు నేర్పిన తిట్టును ఒక్క అక్షరం జారకుండా అప్పజెప్పాడు. మళ్లీ వంగాడు. అప్పుడే ఆయన నడుము దగ్గర అలారం మోగింది.

పంచె మడతలోని సంచిలో పాస్‌పోర్టు ఉంది. ఫోటో ఆయన ఫోనులో, అడిగిన సైజులోనే సిద్ధంగా ఉంది. ఇంక ఫారానికి పావుగంట పట్టింది, కీబోర్డు మీద సుద్ద తుడవడానికి సెంటరు కుర్రాడికి అంతకంటే ఎక్కువ పట్టింది. ఎన్ని రోజులు ఉంటారన్న గడి దగ్గర మాత్రం ఆగిపోయాం. ఇంజనీరు ఒకటి అన్నాడు. అప్పటికి ఫోనులో దొరికిన అక్క ఎనిమిది అంది. భారత ప్రభుత్వం, గంగమ్మ, ఇద్దరిలో ఎవరిని నొప్పించాలో తేల్చుకోలేక ఆయన సుద్ద మొహంతో తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి అమ్మవారి పక్షాన ఎనిమిది వేయించి, కార్ఖానాకు తాను చెబుతానని బావ భరోసా ఇచ్చాడు.

ఇంటికొచ్చి, స్పీకరు పెట్టి, గొంతు సవరించుకుని సిబ్బంది వ్యవహారాలు చూసే అబ్బాయికి ఫోను చేశాడు.

"తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. మీ జపాన్ ఇంజనీరు మా దగ్గర ఉన్నారు. వచ్చే మంగళవారం దాకా ఊరు దాటనివ్వడానికి వీల్లేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఏ స్టేషను సార్?"

"తాతయ్యగుంట."

"ఏ కేసు కింద సార్?"

"చాటింపు కింద."

"సార్, ఆయన చాలా మంచివారు సార్. బెయిలు ఎంతవుతుంది సార్?"

బావ ఫోను చేత్తో మూసి అక్క వైపు చూశాడు.

"పొంగలి పెట్టుకోమనండి," అంది అక్క. "కోడి మాత్రం వాళ్ల ఇష్టం."