నిరుటి రికార్డు, కొత్త అట్ట

బీఈడీ కళాశాలల్లో ఇంటర్న్‌షిప్ ముగిసే రోజుల్లో చాలాచోట్ల ఒక తంతు నడుస్తుంది. ఛాత్రోపాధ్యాయులు, అంటే అక్కడ చదివే కాబోయే గురువులు, నిరుటి సీనియర్ల పాఠ్యపథకాల రికార్డు సంపాదించి, తారీఖులు మార్చి, తిరగరాసి, కొత్త అట్ట వేస్తారు. ఏ బ్యాచ్ వారు చేశారో ఎవరికీ గుర్తులేని థర్మాకోల్ అగ్నిపర్వతం ఏటా కొత్త పేరు చీటీ అంటించుకుని బోధనోపకరణంగా మార్కులు తెచ్చిపెడుతుంది. అందరూ ఇలాగే చేస్తారని కాదు. ఇలా చేసినవారికి ఏ నష్టమూ లేదన్నదే అసలు సంగతి.

ఈలోగా ప్రపంచం ఉపాధ్యాయుడి నుంచి వేరే సరుకు అడుగుతోంది. ఐరోపా సమాఖ్య 2006లో ప్రతి పౌరుడికీ ఉండాల్సిన ఎనిమిది కీలక సామర్థ్యాలను ప్రకటిస్తూ చొరవను, వ్యవస్థాపకతను జంటగా ఒకటిగా చేర్చింది. దాన్ని 2016లో 15 నైపుణ్యాలుగా విడమరిచింది. అవకాశాన్ని గుర్తించి, ఆలోచనను ఇతరులకు ఉపయోగపడేలా మలచడమే వ్యవస్థాపకత అని, ఆ ఉపయోగం డబ్బే కానక్కర్లేదని వివరించింది. మన దగ్గర ఈ మాటకు వాడే ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’లో ఫ్యాక్టరీ పొగ వాసన వస్తుంది. ‘చొరవ’ అంటే ఇంట్లో అమ్మమ్మకు కూడా అర్థమవుతుంది. మేము వ్యవస్థాపకత అన్నా ఆ చొరవే.

తుర్కియే (టర్కీ) 2018లో సైన్స్ పాఠ్యప్రణాళికలోనే వ్యవస్థాపకతను చేర్చింది. దాన్ని బోధించాల్సిన యువతీయువకులు మాత్రం అప్పుడు ప్రభుత్వ కొలువుల పరీక్షకు గైడ్లు బట్టీ పడుతున్నారు. ‘నియామకం దక్కని ఉపాధ్యాయులు’ అన్నది అక్కడ ఒక వర్గం పేరే అయిపోయింది. ఈ దృశ్యం మనకు కొత్తదా? అవనిగడ్డలో అద్దె గదుల్లో డీఎస్సీకి చదివే అభ్యర్థులను అడిగితే చెబుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద నియామకం జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులకు. మధ్యలో గడిచిన ఏళ్లు ఎవరి ఖాతాలో వేయాలి? ప్రైవేటు బడి జీతంతో ఇల్లు గడవని చోట సర్కారు కొలువు కోరుకోవడం పిరికితనం కాదు, లెక్క తెలిసిన పని. సరైన జవాబుకు చుక్క పెట్టడమే బతుకుతెరువైన చోట కొత్త ప్రశ్న వేసే అలవాటు ఎలా అబ్బుతుంది?

ఫిన్లాండ్‌లో ఉపాధ్యాయుడు కావాలంటే మాస్టర్స్ పట్టా తప్పనిసరి. అంటే సొంతంగా ఒక పరిశోధన చేయాలి. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే బడుల్లో పాఠం చెప్పి, తన పాఠాన్ని తానే విమర్శించుకోవాలి. బడులకు తనిఖీ అధికారులు రావడం 1990ల తొలి నాళ్లలోనే ఆగిపోయింది. ఏ పుస్తకం, ఏ పద్ధతి అన్నది చాలావరకు గురువు చేతిలోనే ఉంటుంది. అక్కడి ఆరో తరగతి పిల్లలు ఒక బుల్లి పట్టణంలో ఒకరోజు ఉద్యోగం చేసి, జీతం తీసుకుని, ఖర్చుపెట్టే కార్యక్రమం ప్రసిద్ధం. చూసొచ్చినవారు ఆ బుల్లి పట్టణాన్నే మెచ్చుకుంటారు. దానికి ముందు వారాల తరబడి తరగతిలో పిల్లలను సిద్ధం చేసిన గురువు ఎవరి ఫొటోలోనూ పడడు.

ఉపాధ్యాయుడికి తర్ఫీదు ఇస్తే అద్భుతాలు జరుగుతాయని కూడా మేము నమ్మం. వ్యవస్థాపకతను ఉన్నత పాఠశాలల్లో తప్పనిసరి సబ్జెక్టు చేసిన రువాండాలో కొన్ని బడుల గురువులకు శిక్షణ ఇచ్చి ఫలితం కొలిచారు. నోట్సు చెప్పి రాయించడం తగ్గి, పిల్లలతో చేయించడం పెరిగింది. సొంత వ్యాపారం పెట్టే విద్యార్థులూ పెరిగారు. అయితే కూలికి వెళ్లేవారు ఆ మేరకు తగ్గడంతో మొత్తం ఆదాయంలో తేడా కనిపించలేదు. బడి నుంచి రూపాయలు రాలాలని చూసేవారికి ఇది నిరాశే. తరగతి గది మారడం చిన్న విషయం కాదనుకునేవారికి నిరాశ అక్కర్లేదు. 2019లో ఢిల్లీ ప్రభుత్వ బడులు ఇలాంటి పాఠ్యప్రణాళికే తెచ్చి, తర్వాత విద్యార్థులకు రెండేసి వేల రూపాయల పెట్టుబడి కూడా ఇచ్చాయి. పిల్లల అంగళ్లు టీవీలో కనిపించాయి. బీఈడీ సిలబస్ మాత్రం ఉన్నచోటే ఉంది.

మన నేల గొడ్డుపోలేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఏ పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మెట్టు ఎక్కేలా ఒక నిచ్చెన గీశారు. ఒకే గదిలో నాలుగు తరగతులుంటే ఏం చేయాలన్న ప్రశ్నకు జీవో కోసం ఎదురుచూడలేదు. ఆ పద్ధతిని చూసి నేర్చుకుని చెన్నై నగరపాలక బడులు, ఆ తర్వాత తమిళనాడు మొత్తం అమలు చేశాయి. మన జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో (డైట్లలో) ఎందరికి దీని గురించి చెబుతున్నారు?

రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడి అనుభవానికే ఇవ్వాలని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలు చెబుతున్నాయి. కొత్త సబ్జెక్టు, కొత్త పథకం అవసరం లేదు. ఆ 20 వారాల్లో నాలుగింటిని విడిగా తీసిపెట్టండి. తాను పనిచేసే బడిలో ఛాత్రోపాధ్యాయుడే ఒక చిక్కును పట్టుకోవాలి: తాళం తీయని గ్రంథాలయ బీరువా కావచ్చు, మధ్యాహ్న భోజనం కాగానే ఖాళీ అయ్యే వెనక బెంచీలు కావచ్చు. ప్రధానోపాధ్యాయుడిని ఒప్పించి, చేతనైన మార్గం ప్రయత్నించాలి. ఫలించకపోతే మార్కులు కోయకూడదు. ఎందుకు ఫలించలేదో రాసిన నాలుగు పేజీలకే మార్కులు వేయాలి. ఆ నాలుగు పేజీలు నిరుటి సీనియర్ దగ్గర దొరకవు.