సవరణ: పిస్టోరియస్‌కి 5 ఏళ్లే ఎందుకు పడింది

ప్రియురాలు రీవా స్టీన్‌క్యాంప్‌ను కాల్చి చంపిన కేసులో దక్షిణాఫ్రికా పరుగు వీరుడు ఆస్కర్ పిస్టోరియస్‌కి కాళ్లు లేవని జడ్జి 15 ఏళ్ల శిక్షను 5 ఏళ్లకు తగ్గించారని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. రెండు తీర్పుల్ని కలిపేశాను.

తీర్పుల ప్రకారం జరిగింది ఇది. 2014లో రుజువైంది హత్య కాదు, నిర్లక్ష్యంతో ప్రాణం తీయడం. హత్యకు ఉండే 15 ఏళ్ల కనీస శిక్ష ఆ నేరానికి వర్తించదు, కాబట్టి తగ్గించే ప్రశ్నే లేదు. వైకల్యం వల్ల జైల్లో ఉండలేడన్న వాదనను జడ్జి మసీపా ఒప్పుకోలేదు. అవసరమైన ఏర్పాట్లు జైలు శాఖ చేయగలదన్నారు. 5 ఏళ్ల శిక్షలో ఆరో వంతు, అంటే 10 నెలలు గడిచాక గృహ నిర్బంధానికి మారే వీలు కూడా వైకల్యం వల్ల వచ్చింది కాదు. ఆయనకు శిక్ష వేసిన సెక్షన్ కింద శిక్ష పడ్డ ఎవరికైనా అంతే.

15 ఏళ్ల లెక్క 2015 డిసెంబరులో అప్పీలు కోర్టు దాన్ని హత్యగా తేల్చాకే వచ్చింది. 2016 జూన్‌లో ఆయన కృత్రిమ కాళ్లు తీసేసి మోడు కాళ్లతో కోర్టు హాల్లో నడిచి చూపించింది ఈ దశలోనే. మసీపా 6 ఏళ్లు వేశారు. కనీస శిక్షకన్నా తగ్గించడానికి బలమైన కారణాలేవీ లేవని 2017 నవంబరులో అప్పీలు కోర్టు దాన్ని, 15 ఏళ్లలో అప్పటికే అనుభవించిన కాలం పోగా, 13 ఏళ్ల 5 నెలలకు పెంచింది.